ఏడో లెక్క

పద్మావతి గారు చెమట ఆరని చేత్తో
ఫోను నా మొహం ముందు పెట్టారు.
"గ్లోరీ మేడం, ఇది మీదే కదా?"

లక్ష్మీపురంలో కొత్త హాలు. ఏసీ. నేలంతా చెక్క.
పదకొండు నెలలు మొదటి వరసలో నిలబడి
నా వీపును చదువుకున్న రోహిణి
చెవికి మైకు తగిలించుకుని
నా స్టెప్పు నేర్పుతోంది.
పేరు ఒక్కటి మార్చింది. రెడ్ వేవ్ అట.

నేను పెట్టిన పేరు టిక్కీ.
మిర్చి యార్డులో బస్తాను అలాగే అంటారు.
వంగి, పట్టి, ఊపి, భుజానికెత్తి
సగం తిరిగి
దించకుండా నాలుగడుగులు.
ఏ సర్టిఫికెట్ కోర్సులోనూ లేదది.
బ్రాడీపేటలో, మందుల షాపు మీద,
ఫ్యాన్లు తిరగని ఒక మధ్యాహ్నం
నా ఒంట్లోంచి లేచింది.

ఆ రాత్రి అన్నం సయించలేదు.
దొంగల గురించి స్టేటస్ ఒకటి రాశాను, చెరిపాను,
మళ్లీ రాశాను.
మర్నాడు సాయంత్రం స్కూటీ దూరంగా ఆపి
ఎండకు కట్టుకున్న స్కార్ఫు విప్పకుండా
ఆ హాలు అద్దం బయట నిలబడ్డాను,
కొరియర్ కుర్రాడి పక్కన.

లోపల ముప్ఫై మంది.
ఐదు. ఆరు. ఏడు
దగ్గర అందరూ ఆగారు.
రెప్పపాటు. ఆ తర్వాతే ఎనిమిది.

అది స్టెప్పు కాదు.
అది నా ఎడమ మోకాలు.
పోయిన వేసవిలో ఈ మెట్ల మీదే జారి
తెగీ తెగకుండా మిగిలిన లిగమెంటు.
ఏడు దగ్గర బరువంతా దాని మీద పడేది.
ఫీజులు ఆగకూడదని నేను ఆగేదాన్ని,
పళ్లు బిగబట్టి, పైకి నవ్వుతూ.
రోహిణి ఆ నవ్వు కూడా వదల్లేదు.
ముప్ఫై మంది ఏడు దగ్గర
పళ్లు బిగించి నవ్వుతున్నారు.
నా నొప్పికి ముప్ఫై నకళ్లు,
ఒక్కదాన్లోనూ నొప్పి లేదు.

ఇంకోటి కూడా కనిపెట్టాను.
సెల్ఫీ వీడియో చూసి సాధన చేసిందేమో,
నా ఎడమ దానికి కుడి అయింది.

ఇంటికెళ్లి నాన్నతో చెప్పాను.
యార్డు మానేసి ఆరేళ్లయినా
దగ్గులో మిరపఘాటు పోలేదాయనకి.
అంతా విని, "ఏ భుజం?" అన్నాడు.
"నాది ఎడమ. దానిది కుడి."
"నాదీ కుడే."

క్యారేజీ పట్టుకెళ్లి
ఎదురుగా బస్తాల మీద కూర్చుని చూసేదాన్ని.
ఎదురుగా చూస్తే ఎడమే కదా.

"నాకు చూపించింది మస్తాను. మస్తాన్‌కి ఇంకెవరో.
ఎత్తేవాణ్ణి చూసే ఎత్తడం నేరుస్తాం.
నడుం మాత్రం ఎవడిది వాడిదే."
కాసేపాగి, "నెలకెంత తీసుకుంటుందా పిల్ల?"
రెండు వేలన్నాను.
నవ్వాడు, దగ్గు వచ్చేదాకా.

కోపం పోయిందని అనను.
తిట్లు వరసగా పేర్చుకునే ఫోన్ చేశాను.
నోటికి మాత్రం వేరేది వచ్చింది.
"ఏడు దగ్గర ఆగకు. అది నా మోకాలు."
అటు చాలాసేపు ఏసీ చప్పుడు.
"తెలుసు మేడం. తీసేసి చూశాను.
మా క్లాసులో అరవై దాటినవాళ్లు నలుగురున్నారు.
వాళ్లకి ఊపిరి అక్కడే దొరుకుతోంది."

"సరే, టిక్కీ అను" అన్నాను.
"నవ్వుతారేమో మేడం."
"నవ్వనీ."

ఇవాళ ఐదున్నర బ్యాచ్.
మోకాలు నయమైందని డాక్టరు చెప్పి నాలుగు నెలలు.
అలవాటుకో, దేనికో, ఇన్నాళ్లూ ఆగుతూనే ఉన్నాను.
ఇవాళ ఆగకుండా ఎనిమిదిలోకి వెళ్లిపోయాను.

అద్దంలో, నా వెనక
ఇరవై రెండు మంది
ఇంకా ఏడులోనే ఉన్నారు,
నాకోసం.